ఒకటే బల్ల, రెండు బంతులు

ఫిబ్రవరి వచ్చిందంటే మా అత్తిలి చుట్టుపక్కల నుంచి గుణదలకి జనం కదులుతారు. 9 నుంచి 11 దాకా మరియమాత ఉత్సవాలు. పేట వాళ్లు సరే, ఊళ్లో వాళ్లు కూడా వెళ్తారు. తలనీలాలు ఇస్తారు, కొబ్బరికాయ కొడతారు, కొవ్వొత్తి వెలిగిస్తారు. కూతురికి బిడ్డ పుట్టాలని, కొడుక్కి అమెరికా వీసా రావాలని, రొయ్యల చెరువు ఈ పంటకైనా గట్టెక్కాలని మొక్కుకుంటారు. అనుకున్నది జరిగితే మరుసటేడు మళ్లీ వెళ్తారు. వెంకటేశ్వరస్వామి పటం పక్కనే మేరీమాత పటం ఉన్న పూజగదులు నాకు తెలుసు. ఆ ఇళ్లలో ఎవరికీ దానితో ఏ ఇబ్బందీ లేదు.

ఆ ఇంటాయన్నే ఒక్క ఆదివారం పేట చర్చికి రమ్మనండి. గుణదల వంద కిలోమీటర్ల పైమాట. పేట చర్చి కాలవ దాటితే వస్తుంది. రాడు. వస్తే ఎలక్షన్లప్పుడు వస్తాడు, క్రిస్మస్ కేకు కొయ్యడానికి వస్తాడు, ఫొటో అయ్యాక వెళ్లిపోతాడు.

ఈ వారం దీని గురించే రాస్తున్నాను. మా కాలేజీలో ఫైనలియర్ కుర్రాడొకడు, వాళ్లదీ పేటే, అడిగాడు. "సార్, ఏసు చెప్పినవన్నీ మంచి మాటలే కదా. ప్రేమించమన్నాడు, క్షమించమన్నాడు. మరి ఆయన వెనక నడవమంటే జనం ఎందుకు ఒప్పుకోరు?" చర్చిలో అడిగితే వాడికి వచ్చే జవాబు నాకు తెలుసు. మనిషి పాపి, హృదయం కఠినం, సాతాను కళ్లకి గంతలు కట్టాడు. ఆ జవాబు తప్పని నేననను. కానీ అది ఏ దేశంలోనైనా, ఏ కాలంలోనైనా చెప్పుకోవచ్చు. నాకు అత్తిలికి సరిపోయే జవాబు కావాలి.

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి ముందు మాట సంగతి చూస్తాను. బైబిల్ని తెలుగు చేసినవాళ్లు శిష్యుడు అన్న మాటని మన గురుకులాల నుంచే తీసుకున్నారు. అక్కడ గురువు ముందు పుట్టుక చూస్తాడు, తర్వాత శిష్యుణ్ణి చేర్చుకుంటాడు. చేర్చుకోకుండానే దక్షిణ పుచ్చుకున్న కథ కూడా మనకుంది, ఏకలవ్యుడి బొటనవేలు ఎవరం మర్చిపోలేదు. ఇప్పుడు సువార్తలు చూడండి. గురువే వెళ్లి పిలుస్తాడు. వలలు బాగుచేసుకునేవాళ్లని పిలుస్తాడు. సుంకం మెట్టు దగ్గర కూర్చుని ఊరందరి చేతా తిట్లు తినేవాణ్ణి పిలుస్తాడు. చివరి రాత్రి నడుముకి తువ్వాలు కట్టుకుని వాళ్ల కాళ్లు తనే కడుగుతాడు. పేతురు వద్దంటాడు. చాలామంది దాన్ని వినయం అంటారు. నాకు అందులో భయం కనిపిస్తుంది. గురువు నా కాళ్లు కడిగితే రేపు నేను ఎవరి కాళ్లు కడగాల్సి వస్తుందో అన్న భయం.

భక్తుడు అడగడానికి వెళ్తాడు. శిష్యుణ్ణి గురువే అడుగుతాడు. గుణదల కొండ మీద నీ పక్కన నిలబడ్డది ఎవరో నువ్వు తెలుసుకోనక్కర్లేదు, రద్దీలో కలిసిపోవచ్చు. పేట చర్చిలో చాప మీద కూర్చున్నాక పక్కన ఎవరున్నారో తెలుస్తూనే ఉంటుంది. నిన్న నీ చేలో కలుపు తీసిన మనిషి. ఆమె తాగిన పాత్రే నీ చేతికి వస్తుంది. దేవుడి దగ్గర మా డెల్టా ఊళ్లకి పేచీ లేదు, దేవుళ్లని ఎంతమందినైనా ఇముడ్చుకోగలవు. పేచీ అంతా ఆ పాత్ర దగ్గరే.

ఇది నేను కనిపెట్టిన సంగతేం కాదు, నూట యాభై ఏళ్లుగా రికార్డులో ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ 1866లో ఒంగోలు చేరాడు. మొదట్లో పై కులాల పెద్దలు ఆయనతో బాగానే ఉన్నారు. పిల్లల్ని బడికి పంపారు, ఏసు గురించి చెబితే విన్నారు. అంతలో యెర్రగుంట్ల పేరయ్య అనే తోళ్ల వ్యాపారి, మాదిగ, బాప్తిస్మం తీసుకుని తన వాళ్లని వెంటబెట్టుకు రావడం మొదలైంది. పెద్దలు వచ్చి మాట తేల్చేశారు. వీళ్లని చేర్చుకుంటే మేం ఉండం. ఏం చెయ్యాలో తోచక క్లఫ్ ఒక గదిలో, ఆయన భార్య ఇంకో గదిలో, ఒకరికి తెలియకుండా ఒకరు బైబిల్ తెరిచారట. ఇద్దరికీ కొరింథీయులకి రాసిన మొదటి పత్రికలో, లోకం నీచులనుకున్నవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడన్న చోటే వచ్చిందని ఆయన రాసుకున్నాడు. మాదిగల్ని చేర్చుకున్నారు. పెద్దలు అన్నంత పనీ చేశారు, బడి ఖాళీ అయింది.

ఆ పేజీ తెరుచుకోవడం అద్భుతమో యాదృచ్ఛికమో మీ ఇష్టానికి వదిలేస్తాను. నేను పట్టుకున్నది వేరే. ఆ పెద్దలు ఏసు మీద ఒక్క అభ్యంతరమూ చెప్పలేదు. పక్కన కూర్చునేవాడి మీదే చెప్పారు.

బందరులో ఇంకో దారి తొక్కారు. రాబర్ట్ నోబుల్ 1843లో పై కులాల పిల్లల కోసం బడి పెట్టాడు. మాల మాదిగ పిల్లల్ని చేర్చుకోలేదు. పైవాళ్లు మారితే కిందివాళ్లు ఎలాగూ వెనకే వస్తారని లెక్క. నోబుల్ కాలేజీ అంటే మనకి గౌరవమే, నేనిప్పుడు దాన్ని తీసెయ్యడం లేదు. కానీ ఆ లెక్క ఏమైంది? అంత జాగ్రత్తగా నడిపిన బడిలోనూ 1850ల్లో కొందరు కుర్రాళ్లు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు తమ పిల్లల్ని లాక్కుపోయారు. అటు, ఆ బడి గడప తొక్కనివ్వని కులం నుంచి, రాఘవాపురం మాల పాగోలు వెంకయ్య 1859లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఒకప్పుడు దోపిడీ ముఠాకి నాయకుడని చెప్పుకునే మనిషి. కృష్ణా జిల్లాలో ఆయన వెనక మాలపల్లెలు కదిలాయి. మెట్లు పైనుంచి కట్టుకు రావాలనుకున్న ఇల్లు కింద నుంచే లేచింది.

ఇక్కడ ఒకాయన కచ్చితంగా కామెంట్ పెడతాడు, పాలపిండికీ గోధుమరవ్వకీ మారినవాళ్లని. ఆయన కోసం ఒక్క లెక్క చెబుతాను. 1876–78 కరువులో క్లఫ్ బకింగ్‌హాం కాలవలో కొంత మేర తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. ఆ కరువు పని నడిచినన్నాళ్లూ, ఏడాది పైగా, బాప్తిస్మం కావాలని వచ్చినవాళ్లని ఆగమన్నాడు. అన్నం కోసం వచ్చారన్న మాట పడకూడదని. ఇక ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదని చెప్పాక, 1878 జూలై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. పిండి కోసమైతే పిండి ఉన్నప్పుడు రావాలి కదా.

వచ్చినవాళ్లకి పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యొద్దు. చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు. విగ్రహాలకి మొక్కొద్దు. ఇవాళ చదివితే ఛాందసంగా ఉంటాయి, మన విద్యార్థి మిత్రులు కొందరు వీటిని సాంస్కృతిక దాడి అని కూడా అంటారు. ఆ చర్చ వేరే పెట్టుకుందాం. చచ్చిన గొడ్డు మాంసం మానమని 1927లో మహాడ్‌లో అంబేద్కర్ కూడా చెప్పాడని మాత్రం గుర్తుచేస్తాను. పల్లెలో ఆ మూడు నియమాల అర్థం ఊరికి బాగా తెలుసు. వెట్టివాడు ఆదివారం రానన్నాడంటే ఏడు రోజుల్లో ఒక రోజు కామందు చేతిలోంచి జారిపోయినట్టు. విగ్రహానికి మొక్కనన్నాడంటే జాతరలో డప్పు కొట్టనన్నట్టు. అందుకే కొట్టారు, బావుల దగ్గరికి రానివ్వలేదు, దొంగకేసులు పెట్టారు. ప్రార్థన చేసుకుంటున్నారని ఎవరూ కొట్టలేదు.

మా మామ్మకి అక్షరం రాదు. ఆదివారం కోతకి పోనని ఆవిడ చెప్పిన తీరు మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం. కామందు పాలేరు వచ్చి వాకిట్లో నిలబడి, "మబ్బు పట్టింది, పంట తడిసిపోద్ది, మీ దేవుడు ఒక్కవారం ఆగలేడా ఏంటే?" అనేవాడట. "ఆరు రోజులు మీ మనిషినే కదయ్యా, ఇయ్యాల ఆయన మనిషిని" అనేదట మామ్మ. సోమవారం వెళ్తే కూలి కోసేవారు. ఒక్కోసారి ఆ వారమంతా పిలుపు ఉండేది కాదు. ఇంట్లో నలుగురు పిల్లలు. శిష్యరికం అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే నాకు పుస్తకాల కంటే ముందు ఆ గింజలు లేని వారం గుర్తొస్తుంది. ఆవిడ దాన్ని త్యాగం అని ఎప్పుడూ అనలేదు. పైగా ఆ ఆదివారం చీర గంజి పెట్టి కట్టుకునేదట.

ఇది పాత కథ అనుకునేవాళ్లు గరగపర్రు గుర్తు తెచ్చుకోండి. పాలకోడేరు మండలం, మాకు దూరమేం కాదు. 2017లో ఊరి నడుమ అంబేద్కర్ విగ్రహం పెట్టబోయినందుకు దళితుల్ని మొత్తం వెలేశారు. కూలికి పిలవలేదు, కౌలు చేలు లాగేసుకున్నారు. పేటలో పేట ప్రార్థన చేసుకున్నంతకాలం ఎవరికీ పట్టలేదు. అందరితో పాటు మా నాయకుడూ నిలబడతాడు అనగానే ఊరికి కోపం వచ్చింది. ఒంగోలు పెద్దలకి వచ్చిన కోపమే.

ఇక ప్రభుత్వం సంగతి. 1971 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి రాష్ట్రంలో క్రైస్తవులు నూటికి నలుగురు పైచిలుకు. 2011కి ఒకటిన్నర కూడా లేరు. ఈ నలభై ఏళ్లలో చర్చిలు తగ్గాయా? అత్తిలి నుంచి తణుకు దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని లెక్కపెట్టండి. మనుషులు చర్చిలో ఉన్నారు, కాగితంలో లేరు. ఎందుకు లేరో 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు చెబుతుంది. హిందువు కానివాడు ఎస్సీ కాడు. 1956లో సిక్కులకి మినహాయింపు ఇచ్చారు, 1990లో బౌద్ధులకి ఇచ్చారు. క్రైస్తవుడైన మాల, క్రైస్తవుడైన మాదిగ మన దగ్గర బీసీ-సీ, ఒక్క శాతం. 2023 మార్చిలో మన అసెంబ్లీ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. 2025 ఏప్రిల్ 30న మన హైకోర్టు, కులం పేరుతో తిట్టి కొట్టారని ఒక పాస్టర్ పెట్టిన కేసులో, మతం మారినవాడికి అట్రాసిటీ చట్టం వర్తించదంది. కొట్టినవాళ్లు ఆయన మతం అడిగి కులం పేరు ఎత్తలేదు కదా. బాప్తిస్మం నీళ్లలో కులం కరగదని కొట్టినవాడికి తెలుసు, చట్టానికే తెలియదు.

కాబట్టి మా కుర్రాళ్లకి రెండు పేర్లు. నా అటెండెన్స్ రిజిస్టర్‌లో ఒకటి, ఆదివారం ఒకటి. రాత్రిపూట ఏసు దగ్గరికి వచ్చిన నీకొదేము, భయపడి రహస్యంగా శిష్యుడైన అరిమతయియ యోసేపు అందరికీ తెలిసినవాళ్లే. పుల్పిట్ మీద నుంచి వాళ్లని చూపించి మా పిల్లల్ని ఏసంటే సిగ్గుపడేవాళ్లని దెప్పే బోధకులున్నారు. నాకది నచ్చదు. నీకొదేము సభలో సభ్యుడు, పెద్దమనిషి, బయటపడితే పోయేది పరువు. మావాడికి పోయేది చదువులో, ఉద్యోగంలో ఎస్సీ రిజర్వేషన్. పంచాయతీలో ఎస్సీ సీటుకి నిలబడే అర్హత. ఎవడైనా కులం పేరుతో చెయ్యి చేసుకుంటే కేసు పెట్టే హక్కు. ముందు ఖర్చు లెక్క చూసుకుని గోపురం కట్టడం మొదలుపెట్టమని ఏసే చెప్పాడు. మా పిల్లలు చూసుకుంటున్నారు. ఆ ఖర్చు పెంచింది దేవుడు కాదు, ఒక ఉత్తర్వు. రాజ్యాంగం పేరు చెప్పి ఒక మనిషి నోటితో తన దేవుణ్ణి దాచిపెట్టిస్తున్న దేశం, అదే మనిషిని రహస్యంగా మారాడని దొంగ అంటుంది.

టీవీ బోధకుల గురించి ఎక్కువ రాయను. దశమభాగం వేస్తే దేవుడు కారు ఇస్తాడనేది గుణదల మొక్కే, కోటు వేసుకుని మైకు పట్టుకుంది. అందులో పక్కవాడు ఉండడు. అందుకే దానికి జనం తేలిగ్గా వస్తారు.

ఇంతవరకూ రాసినదానికి పేటలో అందరూ లైకులు కొడతారని నాకు తెలుసు. ఇక మిగిలింది మన సంగతి.

అంతియొకయలో పేతురు అన్యజనులతో కలిసి ఒకే బల్ల దగ్గర భోంచేస్తూ ఉండేవాడు. యెరూషలేము నుంచి తన వాళ్లు వచ్చేసరికి మెల్లగా లేచి పక్కకి తప్పుకున్నాడు. పౌలు అందరి ముందే ఆయన్ని నిలదీశాడు. గలతీయులకి రాసిన పత్రికలో ఉంది, రెండో అధ్యాయం. కాళ్లు కడిగించుకున్న పేతురే. ఏసుతో మూడేళ్లు తిరిగినవాడికి కూడా చిట్టచివర మిగిలిన కష్టం అదే, ఎవరితో కలిసి తింటున్నావో నీ చుట్టాలు చూస్తారు.

మన దగ్గర మిషన్లు ఎటు వెళ్తే అటు కులాలు వెళ్లాయి. ఒంగోలు వైపు బాప్టిస్టుల్లో మాదిగలు ఎక్కువ, గుంటూరు వైపు లూథరన్లలో మాలలు ఎక్కువ. సంఘం పేరు చెబితే కులం చెప్పినట్టే. మతం మారినవాళ్ల పరిస్థితి గురించి రాస్తూ అంబేద్కర్ ఈ విషయాన్నే పట్టుకున్నాడు, చర్చిలోకి వచ్చాక కూడా కులం ఎందుకు పోలేదని. మనం ఆ వ్యాసంలో హిందువుల్ని తిట్టిన వాక్యాలు పోస్టర్లు చేస్తాం, మనల్ని అడిగిన ప్రశ్నల దగ్గర పేజీ తిప్పేస్తాం.

జాషువా తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. క్రైస్తవంలో కలిసిన జంట. శిష్యరికం నిజంగా జరిగుంటే ఇలాంటి జంటలు ఈ నూట యాభై ఏళ్లలో వీధికి పది ఉండాలి, ఆ కవి పుట్టుక గురించి మనం ప్రత్యేకంగా చెప్పుకోవాల్సిన పనే ఉండకూడదు. ఆయన 'క్రీస్తు చరిత్ర'కి 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. సిలబస్‌లో 'గబ్బిలం' చెప్పేటప్పుడు గుడి తలుపుల గురించి చెబుతాం. చర్చి లోపలి గోడల గురించి ఏ గైడులోనూ ఉండదు.

2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ తీర్పు వచ్చిన రాత్రి, నేనున్న రెండు ప్రార్థనా వాట్సప్ గ్రూపుల్లో ఏం జరిగిందో మీ గ్రూపుల్లోనూ జరిగే ఉంటుంది. వర్గీకరణ మీద వాదన వేరు, ఎవరి న్యాయం వాళ్లు మాట్లాడాలి, మాట్లాడతాం. కానీ పొద్దున వాక్యం పెట్టిన వేలే రాత్రి అవతలి కులం మీద ఆ మాటలు టైపు చేసింది. నేను మాలని. మా వాళ్ల మాటలే ఎక్కువ నొప్పిగా తగిలాయి.

ఒక పెళ్లి గురించి చెబుతాను. ఊరి పేరు వద్దు, మా వైపే. అబ్బాయి మాల, అమ్మాయి మాదిగ. ఒకే చర్చి, ఒకే సండే స్కూలు, ఇద్దరూ కలిసి క్రిస్మస్ డ్రామాల్లో వేషాలు వేశారు. పెళ్లి మాట రాగానే రెండువైపులా పెద్దలు అయ్యగారి ఇంటికి వచ్చి ఒకటే మాట అన్నారట. "ఆరాధన ఆరాధనే అయ్యగారూ, చుట్టరికం చుట్టరికమే." అయ్యగారు మెతక మనిషి, గట్టిగా మాట్లాడ్డం ఎవరూ వినలేదు. అయినా ప్రకటన మూడు వారాలూ చదివాడు, పెళ్లి చేశాడు. నేనూ వెళ్లాను.

చర్చిలో సగం కుర్చీలు ఖాళీ. వచ్చినవాళ్లయినా వచ్చారు కదా అనుకున్నాం. తర్వాత షామియానా కింద భోజనాలు. మొదటి బంతిలో మావాళ్లు కూర్చున్నారు. రెండో బంతిలో పిల్ల తరపు వాళ్లు. ఎవరూ ఎవర్నీ లెమ్మనలేదు, కూర్చోవద్దనలేదు. ఒక్క గట్టి మాట లేదు. ఎవరికి వాళ్లకే తెలుసు ఎప్పుడు లేవాలో. ముందు ఆదివారం ఆ రెండు బంతుల మనుషులూ ఒకటే పాత్రలో సంస్కారం పుచ్చుకున్నారు. అయ్యగారు మాత్రం రెండు బంతుల్లోనూ కూర్చున్నాడు. మొదట్లో కొంచెం అన్నం, మజ్జిగ. రెండోసారి మళ్లీ ఆకు వేయించుకుని కూర, అన్నం. షుగర్ ఉన్న మనిషి. "ఎందుకండీ రెండుసార్లు?" అని ఎవరో అంటే, "ఆకలేసింది" అన్నాడు.

ఆ జంట ఇప్పుడు తణుకులో అద్దెకుంటున్నారు. అమ్మాయి నర్సు. సొంత ఊరి చర్చికి వెళ్లడం మానేశారు, అక్కడ కొత్త సంఘంలో చేరారు. మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక ఒకావిడ ఎంతో ప్రేమగా దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుని "ఏ ఊరమ్మా మీది?" అని అడిగిందట. "అత్తిలి దగ్గరండి." "అత్తిలి దగ్గరంటే, ఏ పేట?"

పేట పేరు చెప్పింది. ఆవిడ చెయ్యి వదిలేసింది. ఈ అమ్మాయి అదే చర్చికి వెళ్తోంది, ప్రతి ఆదివారం వెతుక్కుని ఆవిడ పక్కనే కూర్చుంటోంది.